పేలకముందే ఉలిక్కిపడే చెయ్యి

నా గుండ్లన్నీ కిందికి, ఎడమకి పోయేవి. అట్టబొమ్మ ఛాతీ మీద గీసిన గుండ్రాన్ని గురిచూసి కొడితే నడుము పక్కన చిల్లు పడేది. ఊపిరి బిగబట్టి ఇంకోటి కొడితే అదీ అక్కడే. అడ్డదిడ్డంగా పోయినా బాగుండేది, గురి కుదరలేదని సరిపెట్టుకునేదాన్ని. ప్రతిసారీ ఒకేచోటికి పోవడమే నాకు ఒళ్ళు మండించేది. కన్ను సరిగ్గానే ఉందన్నమాట. చెయ్యే నాకు చెప్పకుండా ఏదో చేస్తోంది.

నేను సాయుధ దళంలో కానిస్టేబుల్‌ని. ఇల్లు ఇబ్రహీంపట్నంలో, డ్యూటీ ఎక్కడ బందోబస్తు పడితే అక్కడ. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం రోజు తాడు పట్టుకుని జనాన్ని ఆపడం, పెద్దవాళ్ళ కార్లు పోయేదాకా రావిర్యాల రోడ్డు మీద ఎండలో నిలబడటం, ధర్నాలో ఆడవాళ్ళని లేపి వ్యాను ఎక్కించి వాళ్ళ తిట్లు తినడం. ఏళ్ళు ఇలాగే గడిచాయి. అప్పుడు మా ప్రాంతపు ప్రజాప్రతినిధి ఒకావిడ తనకి మహిళా గన్‌మెన్ కావాలని అడిగింది. ఆఫీసులో నా పేరు రాశారు. ఆడదాన్ని గన్‌మెన్ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. ఇంకా ఉత్తర్వులు రాకముందే మా గల్లీలో నేను గన్‌మెన్ అక్కనైపోయాను.

పిస్టలో రివాల్వరో కాల్చే పరీక్ష పాసైతేనే ఆ డ్యూటీ. అందులో పోతే మళ్ళీ తాడు పట్టుకోవడమే. నాకు ఆ డ్యూటీ కావాలి. ఎందుకు కావాలో మర్యాదగా చెప్పే కారణాలు చాలా ఉన్నాయి గానీ అసలు సంగతి ఒకటే. జనానికి వీపు చూపించి ఎండలో నిలబడీ నిలబడీ విసుగెత్తింది. ఒక మనిషి ప్రాణం నా చేతిలో పెడతామంటే, ఆ చెయ్యి దానికి తగిందేనని అనిపించుకోవాలని పట్టుదల పుట్టింది.

అప్పటిదాకా నాకు అలవాటైంది రైఫిల్. అది తన్నితే భుజం మీద తంతుంది, కొంచెం నొప్పి, అంతే. పిస్టల్ వేరు. రెండు చేతులూ చాచి ముఖం ముందు పట్టుకుంటాం. పేలగానే పైనున్న ఇనప తొడుగు వెనక్కి, అంటే నా కళ్ళకేసి దూసుకొచ్చి మళ్ళీ ముందుకు పోతుంది. దాన్ని స్లయిడ్ అంటారు. ఆ రావడంలోనే గుండు ఖాళీ డొప్పని పక్కకి విసిరేస్తుంది. మేం ఎంప్టీ అనే ఆ డొప్ప మొదటిరోజే నా కాలర్‌లో దూరి మెడ కాల్చింది. శబ్దం సంగతి చెప్పనే అక్కర్లేదు, చెవుల్లో ఎంత దూది కుక్కినా అది ఎముకల్లోంచి వస్తుంది.

మాకు ఆయుధాలు నేర్పే రిజర్వ్ ఎస్సైని అందరూ ఉస్తాద్ అంటారు. పొట్ట పెద్దది, గొంతు దానికంటే పెద్దది, ఓపిక మాత్రం లేదని పేరు. నా విషయంలో ఓపిక పట్టాడు. అది నాకు ఇంకా చిరాకు. ఒకరోజు నన్ను అట్టబొమ్మ దగ్గరికి తీసుకుపోయి, నా గుండ్లు పడ్డచోట అరచెయ్యి పెట్టి అడిగాడు.

“రేపు నువ్వు కాసే మేడం ముందట, ఎడమ దిక్కు, గింత ఎత్తుల ఎవరుంటరు?”

నేను ఆయన అరచెయ్యి కేసి చూశాను.

“పిల్లలుంటరమ్మా. ఫోటో దిగనీకె ముందుగాల ఉరికొచ్చేది వాళ్ళే.”

ఆ మాట తర్వాత నాకు కుదురు లేకుండా పోయింది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. బడి ముందు నా కూతుర్ని దింపి వచ్చేటప్పుడు, గేటు దగ్గర మూగిన పిల్లల తలలన్నీ ఆ ఎత్తులోనే కనిపించేవి.

దళంలో ఈ సంగతి మీద రెండు పార్టీలు ఉండేవి. పాతవాళ్ళంతా రివాల్వర్ పార్టీ. అది మొరాయించదు, ఒక గుండు పేలకపోతే మళ్ళీ నొక్కితే ఇంకో గుండు వస్తుంది, మధ్యలో ఇరుక్కునేది ఏమీ లేదంటారు. కొత్తవాళ్ళంతా పిస్టల్ పార్టీ. ఎక్కువ గుండ్లు పడతాయి, నడుముకి ఒత్తుకోదు, గుండ్లుండే మ్యాగజైన్ మార్చడం చిటికెలో పని అంటారు. టీ తాగుతూ మొదలుపెట్టే ఈ వాదన గ్లాసులు కడిగే దాకా తెగేది కాదు. నేను రివాల్వర్ పార్టీలో చేరిపోయాను. వాళ్ళు చెప్పిన గొప్పల కోసం కాదు. దాని మీద నా కళ్ళకేసి దూసుకొచ్చే తొడుగు లేదు, ఎంప్టీలు దాని కడుపులోనే ఉండిపోతాయి, నా కాలర్‌లోకి రావు. అంతకు మించి ఆలోచించలేదు.

ఉస్తాద్‌ని అడిగాను. మా దగ్గర రెండింట్లో దేనిమీదైనా పరీక్ష ఇవ్వొచ్చు, పాసైన ఆయుధమే చేతికి వస్తుంది. ఆయన కాదనలేదు. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అని మేం పిలిచే ఆయుధాల గదిలోంచి ఒక పాత రివాల్వర్ తెప్పించి, నాకు వీపు పెట్టి తనే గుండ్లు నింపి ఇచ్చాడు. నొక్కాను. మొదటిది పేలింది, చెయ్యి ఆకాశం చూసింది. మళ్ళీ గురి చూసి నొక్కాను. టిక్కుమంది, అంతే. పేలలేదు. కానీ గొట్టం మాత్రం, పెద్దవాళ్ళు కనపడితే తల వంచే కొత్తకోడలిలాగా, నేలకేసి వంగింది. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాను.

గుండ్ల మధ్యలో వాడేసిన ఎంప్టీలు కలిపి నింపాడాయన. నేను ఎక్కడ ఏది ఉందో తెలియకుండా నొక్కుతున్నాను. వరసలో నిలబడ్డవాళ్ళంతా చూశారు, నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు.

“గుండు లేదు, పేలలేదు, తన్నలేదు. మరి నువ్వెందుకు వంగినవ్?”

రివాల్వర్ బల్ల మీద పెట్టేసి నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయాను. ముఖం కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. ఏడుపు కాదు, కోపం. నా ఒంట్లో ఇంకెవరో ఉన్నారని పదిమంది ముందు రుజువు చేసినట్టు అయింది.

ఆయుధం ఇంటికి తెచ్చుకోవడానికి మాకు వీల్లేదు. అందుకని నేను వంటింట్లో గ్యాస్ లైటర్ మీద పడ్డాను. మాది తుపాకీ మాదిరి వేలితో నొక్కే లైటర్. చేతులు చాచి, కిటికీ చువ్వకి గురిపెట్టి, టక్కుమనే క్షణం నాకే తెలియకుండా మెల్లగా నొక్కాలి. మెల్లగా అనుకుంటాను, సగం దూరం పోయేసరికి పళ్ళు బిగుసుకుంటాయి. పాలు పెట్టే ముందు నొక్కడం, పప్పు దించాక నొక్కడం. ఆదిబట్ల దగ్గర కంపెనీలో షిఫ్టు చేసి వచ్చే మా ఆయన గుమ్మంలో నిలబడి చూసేవాడు.

“పొయ్యిని కాల్చి సంపుతవా ఏంది? రేపు వంట దేని మీద చేస్తం?” అన్నాడొకరోజు. నవ్వు రాలేదు. లైటర్ ఆయన చేతిలో పెట్టి, నువ్వే చేసుకో అని బయటికి పోయి గేటు దగ్గర ఊరికే నిలబడ్డాను.

నేను జడుసుకున్నానని ఆయనే మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. అమ్మ మరునాడే దిగింది. మా అమ్మవాళ్ళది ఇక్కడికి దగ్గర్లోనే, రాతి గుట్టల కింద ఊరు. అమ్మ చర్చికి పోయే మనిషి. జడుపు పోవడానికి పాస్టరయ్యతో ప్రార్థన చేయించిన కొబ్బరినూనె చిన్న సీసాలో తెచ్చింది. నా కుడి మణికట్టుకి రాసి, కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేసింది. ఈ నూనె చేత్తో పిస్టల్ పట్టుకుంటే అది జారి ఉస్తాద్ కాళ్ళ మీద పడుతుందమ్మా అన్నాను. అట్ల అనొద్దు అని కసిరింది.

ఆ సాయంత్రం నేను మళ్ళీ లైటర్ పట్టుకుంటే, అమ్మ వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది. గిన్నె సగం నిండేదాకా ఒలిచింది. తర్వాత మామూలుగా, వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా అంది.

“సీటీ కొట్టంగనే గిట్లనే బిగుసుకుంటుండె నువ్వు. చిన్నప్పుడు.”

నా వేలు ఆగిపోయింది.

మా ఊరి గుట్టని క్వారీవాళ్ళు తోటాలు పెట్టి పేల్చేవాళ్ళు. పేల్చే ముందు ఒకడు గుట్ట మీద నిలబడి ఈలపీక, అదే సీటీ, ఊదేవాడు. ఆ సీటీ వినపడగానే ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒకటే పని. ఆడవాళ్ళు లేచి గిన్నెల అల్మారా మీద అరచెయ్యి అదిమిపెట్టి నిలబడేవాళ్ళు, ఇత్తడి చెంబులు కింద పడకుండా. నడుస్తున్నవాళ్ళు ఆగిపోయేవాళ్ళు. బడిలో సారు రాయడం ఆపి బోర్డుని పట్టుకునేవాడు. పిల్లలకి పళ్ళు బిగించి, భుజాలు పైకి లాగి, కళ్ళు మూసుకోవడం నేర్పేవాళ్ళు, లేకపోతే నాలుక కరుచుకుంటారని. అప్పుడు గుట్ట పేలేది. ఇల్లంతా ఒకసారి కదిలేది. ఎవరి గిన్నె పడితే వాళ్ళ ఇంటి ఆడమనిషి సోమరిపోతు కింద లెక్క. మా ఇంట్లో ఎన్నడూ పడలేదని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేను పుట్టిన నాటి నుంచి బడి మారి ఊరు వదిలేదాకా ఇంచుమించు రోజూ అలా బిగుసుకున్నాను. మర్చిపోలేదు. అది గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి అనిపించలేదు, అంతే.

“నేనే నేర్పిన నీకు. ఒక్కనాడు నాలుక కొరుక్కోలే నువ్వు,” అంది అమ్మ, గర్వంగా.

నాకు పట్టరాని కోపం వచ్చింది. నువ్వు నేర్పిందే ఇప్పుడు నా ఉద్యోగం తింటోంది అని అరిచాను. అమ్మ నొచ్చుకోలేదు. చిక్కుడుకాయలు పక్కన పెట్టి, “అప్పుడు గది మంచికే నేర్పిన. ఇప్పుడు మంచిది కాదంటే నువ్వే ఇడువు,” అంది. చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. ఇద్దరం ఆ రాత్రి ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నాం.

తర్వాతి ఫైరింగ్ రోజు ఉస్తాద్‌కి చెప్పాను. గుట్ట, సీటీ, గిన్నెలు, అన్నీ. ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన నా చేతిలోని రివాల్వర్ కేసి చూస్తూ ఒక ప్రశ్న అడిగాడు. సీటీకి, పేలుడుకి నడుమ ఎంతసేపు ఉండేదని. అల్మారా దగ్గరికి ఉరికి చెయ్యి పెట్టేంత సేపు అన్నాను. ఆయన రివాల్వర్ వెనక్కి తీసుకున్నాడు.

“గిది నీకు సీటీ కొడ్తది,” అన్నాడు.

ఖాళీ రివాల్వర్ నా చెవి దగ్గర పెట్టి మెల్లగా నొక్కి వినిపించాడు. అప్పుడు అర్థమైంది. రివాల్వర్ నొక్కుడు చాలా పొడుగు, చాలా బరువు. వేలు లాగుతున్నకొద్దీ గుండ్ల చక్రం తిరుగుతుంది, సుత్తి వెనక్కి లేస్తుంది, ఒక్కొక్కటీ వస్తున్నా వస్తున్నా అంటుంది. ఆ కాస్త సేపు చాలు, నా ఒళ్ళు అల్మారా దగ్గరికి ఉరకడానికి. పిస్టల్‌కి ఆ పొడుగు లేదు. ఒకసారి స్లయిడ్ లాగి వదిలాక నొక్కుడు చిన్నది, ఒళ్ళు తయారయ్యే లోపలే అయిపోతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాడు. రివాల్వర్ తన్నితే మొత్తం అరచేతికే వస్తుంది, పిస్టల్‌లో కొంత స్ప్రింగే మింగుతుంది. నా కళ్ళకేసి దూసుకొస్తుందని నేను భయపడ్డ ఆ స్లయిడే నా చేతికి పడాల్సిన దెబ్బని పంచుకుంటోంది. రివాల్వర్ చెడ్డదని ఆయన అనలేదు. గుట్ట కింద పుట్టని వాళ్ళకి అదే మంచిది కావచ్చు.

మళ్ళీ పిస్టల్ పట్టాను. అక్కడ కొత్త తలనొప్పి. తన్నుకి భయపడి మణికట్టు వదులు చేస్తే స్లయిడ్ పూర్తిగా వెనక్కి పోదు, ఎంప్టీ సగం బయటికొచ్చి నిటారుగా ఇరుక్కుంటుంది. అలా ఇరుక్కున్న ప్రతిసారీ నాకు తిట్లు. నిండు బిందెని మెడ దగ్గర పట్టుకున్నట్టు పట్టు అన్నాడు ఉస్తాద్, నలపొద్దు, జారనియ్యొద్దు. మ్యాగజైన్‌లో ఎక్కడో ఒక పేలని ఉత్త గుండు కలిపి ఇచ్చేవాడు. అది వచ్చినప్పుడల్లా గొట్టం వంగేది, నేను నన్నే తిట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి లైటర్. పొద్దున లేవగానే లైటర్. మా అమ్మాయి కూడా స్విచ్చు, రిమోట్, ఏది దొరికితే అది మెల్లగా నొక్కడం మొదలుపెట్టింది.

ఒకరోజు నొక్కుతున్నాను, పేలింది, నా కుడిపక్క ఎండలో పచ్చగా ఏదో మెరిసి ఎగిరింది. తేనెటీగేమో అనుకున్నాను. అది నా ఎంప్టీ. అన్ని నెలలు కాలుస్తూ ఒక్కసారైనా అది బయటికి ఎగరడం నేను చూడలేదు. చూడాలంటే కళ్ళు తెరిచి ఉండాలి కదా. అట్టబొమ్మ వైపు చూసే ముందే ఉస్తాద్‌కేసి తిరిగి నవ్వాను. ముందు దిక్కు చూడు అని అరిచాడు.

పరీక్ష పాసయ్యాను. గొప్పగా కాదు. గుండ్లన్నీ గుండ్రంలోనో దాని అంచునో పడ్డాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి కిందికి, ఎడమకి. ఉస్తాద్ ఆ చిల్లులో వేలు పెట్టి నాకేసి చూశాడు. పాసైనవ్ అన్నాడు, అభినందన లాగా కాదు. ఉత్తర్వులు వచ్చాయి, నడుముకి పిస్టల్ వచ్చింది, గల్లీలో స్వీట్లు అడిగారు. నాకు మాత్రం ఆ ఒక్క చిల్లు కంటి ముందు నుంచి పోలేదు. ఫైరింగ్ రేంజి మీద నేను సిద్ధమై నిలబడతాను. జనంలో నన్ను ఎవరు సిద్ధం చేస్తారు? అప్పుడు వచ్చేది ఆ ఒక్క గుండైతే?

మేడం పెద్దావిడ. ఊరికే ఉండదు, జనంలోకి చొరబడిపోతుంది. మొదటి వారాలు నేను మనిషిలా నడవలేదు. పటాకులున్న ఊరేగింపులు, బెలూన్లు కట్టిన గేట్లు, సైలెన్సర్ లేని బైకులు, అన్నీ నాకు శత్రువులే. సాయంత్రానికి మెడ కర్రలా అయ్యేది.

తుర్కయాంజాల్‌లో ఒక కాలనీవాళ్ళు పార్కు తెరవడానికి మేడంని పిలిచారు. రిబ్బన్ కట్ చేసింది, పిల్లలు ఫోటో కోసం ముందుకి ఉరికొచ్చారు. ఆ క్షణాన మా వెనక ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఏ సీటీ లేదు. వీధంతా అదిరింది. జనం అరుస్తూ చెల్లాచెదురయ్యారు.

నా చెయ్యి పిస్టల్ పిడి మీద ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. తిరిగి చూశాను. స్తంభం మీద పొగ, కింద రాలుతున్న నిప్పురవ్వలు, పక్కన ఖాళీ గోడ. మనుషులెవరూ లేరు. ముందుకి చూశాను. మేడం కొంగు పట్టుకుని వేలాడుతున్న పిల్లలు. పిస్టల్ ఒరలోనే ఉంది. ఎడమ చేత్తో మేడం భుజం వంచి, నా ఒళ్ళు అడ్డం పెట్టి, పిల్లలతో సహా గోడ చాటుకి నడిపించాను. ట్రాన్స్‌ఫార్మర్ అని గట్టిగా చెప్పాను, నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. పిల్లల్ని తల్లులు వచ్చి తీసుకుపోయాక మేడంని కారెక్కించాను.

కారు సాగర్ రోడ్డెక్కాక మొదలైంది. ముందు మోకాళ్ళు, తర్వాత చేతులు. మేడం నీళ్ళ సీసా ఇస్తే మూత తీయలేకపోయాను, ఆమే తీసి ఇచ్చింది, సగం నీళ్ళు యూనిఫాం మీద పడ్డాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. డ్రైవర్ అద్దంలోంచి చూసి ముఖం తిప్పుకున్నాడు. మేడం నా కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

“మస్తు జడుసుకున్నవ్ గదా బిడ్డా,” అంది.

“అవ్ మేడం,” అన్నాను. “ఇప్పుడు జడుసుకుంటున్న.”

పేలాక వచ్చిన ఆ వణుకు ఇబ్రహీంపట్నం వచ్చేదాకా ఆగలేదు. ఆపాలని నేనూ చూడలేదు. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.